గిలిగింతల మీద పరిశోధనకూ నిధులివ్వండి

గౌరవనీయులైన సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కాలేజీలో బయాలజీ చెప్తాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, మనుషులు ఎందుకు నవ్వుతారన్న దాని మీద పరిశోధన చేస్తానని నిధులకు దరఖాస్తు పెట్టింది. "దీనివల్ల ఉపయోగం?" అన్న ఒక్క ప్రశ్నతో అది వెనక్కి వచ్చింది. జన్యువుల్ని మార్చి జీవుల్ని ఇంజనీరింగ్ చేసే ప్రాజెక్టులకు మాత్రం తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వాటికి ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఈ రెండింటినీ విడదీసి చూడడమే నా బాధ.

మా చెల్లెలి పాపకు నాలుగో నెల. నేను మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని చటుక్కున తీస్తే, ఒక్క క్షణం కళ్ళు పెద్దవి చేసి, పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వుతుంది. మాట రాదు, జోకు తెలియదు. అయినా ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చింది? రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త జనం మాటల మధ్య వచ్చే 1,200 నవ్వుల్ని నమోదు చేస్తే, జోకులాంటి మాట తర్వాత వచ్చినవి 20 శాతం కూడా లేవు. మిగతావన్నీ "సరే, మళ్ళీ కలుద్దాం" లాంటి మామూలు మాటల వెంట వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో మనం 30 రెట్లు ఎక్కువ నవ్వుతామనీ ఆయనే తేల్చాడు. అంటే నవ్వు హాస్యం కంటే ముందు పుట్టింది, మనుషుల్ని దగ్గర చేయడానికి.

యాక్ పాంక్‌సెప్ అనే మెదడు శాస్త్రవేత్త ఎలుకలకు గిలిగింతలు పెడితే అవి 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడాయి. మన చెవికి 20 దాటితే వినపడదు కాబట్టి అంతకుముందు ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. 2016లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఎలుకల్ని ఎత్తయిన బల్ల మీద, గట్టి వెలుతురులో పెట్టి గిలిగింతలు పెట్టారు. భయంతో వాటి కిచకిచలు బాగా తగ్గిపోయాయి. స్పర్శను గుర్తించే మెదడు భాగంలో కణాల చురుకూ తగ్గింది. టెన్షన్‌లో ఉన్న మనిషికి నవ్వెందుకు రాదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి మొదలు ఏముంటుంది?

ఇక ఇంజనీరింగ్ సంగతి. మెదడు కణాల్ని వెలుతురుతో ఆన్, ఆఫ్ చేసే ఆప్టోజెనెటిక్స్‌ను ఈరోజు అందరూ మెచ్చుకుంటున్నారు. దానికి వాడిన జన్యువు క్లామిడోమొనాస్ అనే పచ్చని శైవలానిది. అది వెలుతురు వైపు ఎలా ఈదుతుందా అని కొందరు ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చున్నారు. అప్పుడు వాళ్ళను "ఉపయోగం?" అని అడిగి ఉంటే, 2005లో ఆ జన్యువు న్యూరాన్లలోకి చేరేదే కాదు. ఇన్సులిన్ తయారుచేసే బాక్టీరియా కథా అంతే. వాటిలోకి ఇన్సులిన్ జన్యువును చేర్చడానికి వాడిన, డీఎన్ఏను కత్తిరించే ఎంజైములు దొరికింది, కొన్ని బాక్టీరియాలను వైరస్‌లు ఎందుకు ఏమీ చేయలేకపోతున్నాయన్న కుతూహలంలోంచే.

2016లో క్రెయిగ్ వెంటర్ అనే జన్యు శాస్త్రవేత్త బృందం 473 జన్యువులతోనే బతికే కణాన్ని తయారు చేసింది. అందులో 149 జన్యువులు ఏం చేస్తాయో తయారుచేసిన వాళ్ళకే అప్పటికి తెలియదు. కట్టడం వచ్చినంత మాత్రాన అర్థమైపోయినట్టు కాదండీ.

అందుకే అడుగుతున్నాను. చిన్న మొత్తాల దరఖాస్తుల్లో "తక్షణ ఉపయోగం" అన్న గడి తీసేయించండి. జీవుల ఇంజనీరింగ్‌కు ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని, జీవులు ఎలా ఉన్నాయో అలాగే చూసి అర్థం చేసుకునే పనికి కేటాయించండి. ఆ అమ్మాయి దరఖాస్తు ఇంకా నా బల్ల మీదే ఉంది. మీరు చూస్తానంటే రేపే పంపుతాను.

ఇట్లు,
ఒక బయాలజీ అధ్యాపకురాలు