హోమ్ కేర్ ఏజెన్సీలకు లైసెన్స్ ఎవరిస్తున్నారు, మంత్రిగారూ?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. సూటిగా విషయానికొస్తాను. రోడ్డు పక్కన మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలంటుంది ప్రభుత్వం. మంచం పట్టిన మనిషికి ముక్కు గొట్టంలో జావ పోసే అటెండెంట్‌ని మాత్రం, ఒక ఫోన్ నంబరు, ఒక వాట్సాప్ డీపీ ఉన్నవాళ్లెవరైనా మన ఇంటికి పంపేయొచ్చు.

మా అమ్మ పక్షవాతంతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఒక ఏజెన్సీ వాళ్లు "ట్రైన్డ్ నర్స్" అని చెప్పి ఒకమ్మాయిని పంపారు. రిజిస్ట్రేషన్ ఫీజు, నెల జీతం అడ్వాన్స్ ముందే కట్టించుకున్నారు. ఆ అమ్మాయి అమ్మని వెల్లకిలా పడుకోబెట్టే గొట్టంలో జావ పోయబోతే నేను పరిగెత్తి ఆపాను. తల ఎత్తులో పెట్టకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదట. అంతకుముందు చీరల షాపులో పనిచేసేదట, ఆమెనేమంటాం? రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలనీ తెలియదు, అమ్మకి నడుము కింద పుండు పడింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "రీప్లేస్‌మెంట్ ఇస్తాం మేడమ్" అన్నదొక్కటే మాట. అడ్వాన్స్ వెనక్కివ్వరు, రసీదు ఇవ్వరు, వచ్చిన మనిషి ఆధార్ కాపీ అడిగితే తర్వాత పంపుతామంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ల సంగతి ఇంకా ఘోరం, కెమెరా పెట్టించి అక్కడ నిద్రమానుకుని ఫోన్ చూస్తూ కూర్చోవడమే.

ఆ అమ్మాయిల తరఫున కూడా ఒక మాట. 24 గంటల డ్యూటీ అంటారు, నిద్ర లేదు, మనమిచ్చే డబ్బులో ఏజెన్సీ ఎంత కోసుకుంటుందో మనకి చెప్పరు. ఇంట్లో మగవాళ్లెవరైనా చెయ్యేస్తే ఎవరికి చెప్పుకోవాలి? 2013 లైంగిక వేధింపుల చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే లెక్కేస్తుంది, జిల్లాకో కమిటీ ఉండాలంటుంది. ఆ సంగతి వాళ్లకి చెప్పిన ఏజెన్సీ నాకింతవరకు తగల్లేదు.

2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఆసుపత్రి, క్లినిక్, ల్యాబ్ గురించి మాట్లాడుతుంది. రోగి ఇంటికి మనిషిని పంపే ఆఫీసు అందులో ఎక్కడుందో నేను వెతికినంతలో కనపడలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టానికి సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకి వచ్చింది, ట్రైనింగ్, పోలీసు వెరిఫికేషన్ ఉన్నవాళ్లనే హోమ్ కేర్‌కి పెట్టుకోవాలని అందులో ఉంది కూడా. 2024లో సభ రద్దయ్యేదాకా నానబెట్టి, చివరికి మురగబెట్టారు.

ఢిల్లీ వాళ్లు చేసేదాకా మీరు ఆగాల్సిన పనేముంది? ఏజెన్సీలన్నిటికీ రిజిస్ట్రేషన్ పెట్టండి, పేర్లు ఆన్‌లైన్‌లో పెట్టండి. నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు లేని మనిషిని "నర్స్" అని పంపితే జరిమానా వెయ్యండి. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉందంటారు, నిజమే, ఉంది, కానీ ఫోనెత్తినవాళ్లు ఎంత ఓపిగ్గా విన్నా, అసలు రిజిస్టరే కాని ఏజెన్సీ దగ్గర ఏ లైసెన్స్ రద్దు చేస్తారు?

ఇది మీ శాఖదా, వయోవృద్ధుల సంక్షేమ శాఖదా, కార్మిక శాఖదా అన్న గొడవ ఉంటే అది మీలో మీరే తేల్చుకోండి, దయచేసి మమ్మల్ని మూడు ఆఫీసుల చుట్టూ తిప్పకండి.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి ఒక పేషెంట్ కూతురు