క్రోధి నామ సంవత్సరం (2024–25): మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో కాలువల పూడిక, వీధి దీపాలు, చవితి పందిరి, సంక్రాంతి ముగ్గుల పోటీ వరుసగా రాసేవాళ్లం. ఈ ఏడు కూడా అవన్నీ మామూలుగానే జరిగాయి. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద పెట్టాం, అందరూ చూసుకోవచ్చు. మిగతా నివేదికంతా ఒక ఇంటి గురించే. ఆ అమ్మానాన్నలను అడిగి, వాళ్లు రాయమన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

పిల్లవాడికి తొమ్మిదేళ్లు. బ్లడ్ క్యాన్సర్. పిలకాయలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. చాలామందికి రెండు మూడేళ్ల వైద్యంతో నయమవుతుంది. మనవాడు కూడా ఒకసారి కోలుకుని బడికి పోయాడు. తర్వాత తిరగబెట్టింది. చెన్నైలో మళ్లీ వైద్యం చేస్తే, మళ్లీ తిరగబెట్టింది. జబ్బును తగ్గించే మందు ఇక లేదని, బాధ తగ్గించే మందులు మాత్రం ఉన్నాయని డాక్టర్లు చెప్పాక, ఆషాఢంలో వాణ్ని నెల్లూరు తీసుకొచ్చేశారు. ఆ వారమే రొట్టెల పండగ. వాళ్లమ్మ స్వర్ణాల చెరువుకు పోయి ఆరోగ్య రొట్టె పట్టుకుని వచ్చింది.

అప్పుడు మనం ఏం చేశామో దాచకుండా రాయాలి. అందరం పండ్ల సంచులు తీసుకుని ఆ ఇంటికి పోయాం. మంచం చుట్టూ నిలబడ్డాం. ఫలానా చోట పసరు మందు ఇస్తారని ఒకరు, ఫలానా గుడిలో నిద్ర చేయించమని ఒకరు చెప్పాం. కొందరం పిల్లవాడి ముందే కన్నీళ్లు పెట్టుకున్నాం. వచ్చినవాళ్లకు కాఫీలు పెట్టలేక ఆ తల్లి అలసిపోయింది. ఏ చిన్న జలుబు అంటుకున్నా వాడి ఒళ్లు తట్టుకోలేదన్న ఆలోచనే మనకు రాలేదు.

ఇదంతా ఆపింది మన సిస్టరమ్మ. సర్కారు ఆస్పత్రి పిల్లల వార్డులో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరినీ కోప్పడలేదు. గుమ్మం పక్కన బకెట్ నీళ్లు, సబ్బు పెట్టింది. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు లోపలికి రావద్దంది. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి పని అప్పగించింది. ఆమె మాట నాకు బాగా గుర్తుండిపోయింది. “ఏం కావాలన్నా అడగండి అంటారు అందరూ. అడగడానికి కూడా ఓపికుండాలి కదయ్యా. నువ్వు ఏం చేస్తావో నువ్వే చెప్పి, అది చెయ్.”

వాళ్ల నాన్నది ఆటో. బండి ఇంటిముందే నిలిచిపోయి వాయిదాలు పేరుకుపోతున్నాయని అంతవరకూ మనకెవరికీ తెలియదు. మన సభ్యులిద్దరు వంతులేసుకుని ఆ ఆటో తిప్పారు, వచ్చిన డబ్బులు ఏ రోజువి ఆ రోజు ఇంట్లో ఇచ్చారు. మూడో వీధివాళ్లు పొద్దున క్యారియర్ పంపారు. మధ్యాహ్నం పూట తల్లిని ఎదురింటికి పంపి పడుకోబెట్టడం సిస్టరమ్మ పెట్టిన పద్ధతి. మొదట్లో ఆమె ఒప్పుకోలేదు. నాలుగో రోజున పడుకుని, దీపాలు పెట్టే వేళకు గానీ లేవలేదు.

చిగుళ్ల నుంచి రక్తం కారినప్పుడు ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, ఎక్కించాల్సి వచ్చేది. వాటిని అయిదు రోజులకు మించి నిలవ ఉంచలేరు. అందుకే ఎప్పటికప్పుడు ఇచ్చే మనుషులు కావాలి. మన కుర్రాళ్లు రాత్రి పదింటికి ఫోన్ చేసినా బండి తీశారు.

నొప్పి మందు దగ్గర మాత్రం పెద్ద టెన్షన్ అయింది. హాస్పిటల్‌లో మార్ఫిన్ రాశారు. అది మత్తుమందు, పిల్లోడికి అలవాటైపోతుందని నాన్న దాచిపెట్టి, వాడు ఏడ్చినప్పుడే ఇచ్చేవాడు. సిస్టరమ్మ ఆయనతో గంటసేపు కూర్చుంది. నొప్పికి సరిపోయే మోతాదులో, డాక్టర్ చెప్పినట్టు ఇస్తే అది వ్యసనం కాదని, నొప్పి వచ్చాక తరమడం కష్టమని, రాకముందే నాలుగు గంటలకోసారి టైం ప్రకారం ఇవ్వాలని చెప్పింది. దాంతో మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు కలిపి ఇవ్వాలంది. ఏ మార్పు చేయాలన్నా చెన్నైకి ఫోన్ చేసి అడిగాకే చేసేది.

నొప్పి ఎంతుందో వాడే చెప్పాలి కదా. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఆరు బొమ్మలుండే పద్ధతి ఒకటుంది. 1983లో అమెరికాలో డోనా వాంగ్ అనే పిల్లల నర్సు, కొనీ బేకర్ అనే ఆమె కలిసి తయారుచేశారు. సిస్టరమ్మ దాన్ని చూపిస్తే, మనవాడు క్యాలెండర్ వెనక తన చేత్తో ఆరు మొహాలు గీశాడు. చివరి మొహానికి మీసాలు కూడా పెట్టాడు. రోజూ వేలు పెట్టి చూపించేవాడు, వాళ్లక్క నోటుబుక్‌లో టైం వేసి రాసేది.

ఆ అక్క గురించి విడిగా చెప్పాలి. తొమ్మిదో తరగతి. ఇంట్లో అందరి కళ్లూ తమ్ముడి మీదే ఉంటే, ఆ పిల్ల ఎక్కడ తింటుందో ఎక్కడ పడుకుంటుందో పట్టించుకున్నవాళ్లు లేరు. తమ్ముణ్ని ఒకసారి తిట్టినందుకే వాడికి ఇట్టా అయిందని లోపల కుమిలిపోతోందట. అది బయటికి లాగింది కూడా సిస్టరమ్మే. మనం వెళ్లినన్ని సార్లు వెళ్లి, ఒక్కరం కూడా ఆ పిల్లతో మాట్లాడలేదు.

ఒకరోజు వాడు అడిగాడు. “సిస్టరవ్వా, నేను చచ్చిపోతానా?” నేను గుమ్మంలోనే ఉన్నాను. నేనైతే ఛీఛీ, అట్టాంటి మాటలేంది అనేవాణ్ని. ఆమె అట్లా అనలేదు. “ఎందుకట్టా అనిపించింది నాయనా?” అంది. “అమ్మ ఈమధ్య ఏమడిగినా కాదనడం లేదు” అన్నాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని, “నీకు నొప్పి రాకుండా నేను చూసుకుంటా. ఎప్పుడూ ఎవరో ఒకరం నీ పక్కనే ఉంటాం” అని చెప్పింది. ఆ సాయంత్రం అమ్మానాన్నలకు ఆ మాట చెప్పి, వాడితో మాట్లాడమంది. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో మనకు అక్కర్లేదు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో గుసగుసలు మానేశారు.

చివరి వారాల్లో తడి గుడ్డతో నోరు తుడవడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఆయాసం వస్తే దిండ్లెత్తి మొహానికి ఫ్యాన్ గాలి తగిలేట్టు పెట్టడం తల్లిదండ్రులకే నేర్పింది. కార్తీక పౌర్ణమి మర్నాడు తెల్లవారుజామున, ఇంట్లోనే, అమ్మ ఒడిలో వాడు పోయాడు. సిస్టరమ్మ ఎవరినీ తొందరపెట్టనీయలేదు. గోరువెచ్చని నీళ్లు పెట్టి, తల్లీ ఆమే వాడికి స్నానం చేయించి తల దువ్వారు.

దినాలయ్యాక మనుషులు రావడం తగ్గింది. సిస్టరమ్మ మాత్రం ఇప్పటికీ వారానికోసారి పోయి కూర్చుంటుంది. మొన్న వాళ్లమ్మ నాతో, “కోరిక తీరినవాళ్లే రొట్టె వదలాలంటారు. మా వాడు నొప్పి లేకుండా పోయాడు. ఈసారి నేనూ పోయి వదులుతానన్నా” అంది.

సిస్టరమ్మ మనకు రెండు సంగతులు చెప్పింది. ఇంగ్లండులో ఫ్రాన్సెస్ డొమినికా అనే నర్సు, హెలెన్ అనే జబ్బు పాపను అప్పుడప్పుడూ తన దగ్గర ఉంచుకుని వాళ్ల అమ్మానాన్నలకు విశ్రాంతి ఇచ్చేదట. అట్లా 1982లో పిల్లల కోసమే ‘హెలెన్ హౌస్’ అనే హాస్పిస్, అంటే నయం కాని జబ్బున్నవాళ్లను చూసుకునే ఇల్లు, మొదలైంది. ఇక మన పక్కన కేరళలో, 1993లో కోజికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మొదలైన ఉపశమన సేవ, అంటే జబ్బు మనిషి బాధ తగ్గించే సేవ, ఊళ్లోని మామూలు మనుషులకు పని నేర్పి ఇంటింటికీ పోయింది. ఇలాంటి సేవ జబ్బు తేలిన రోజు నుంచే, వైద్యంతో పాటే మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం చివర్లో మొదలుపెట్టాం. వాడు చెన్నైకి తిరుగుతున్న రోజుల్లోనే మొదలుపెట్టాల్సింది.

అందుకే కమిటీ నిర్ణయం: ఈ ఏడాది ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం సంఘం గదిలో సిస్టరమ్మ చేతులు కడగడం, పక్క మార్చడం, జ్వరం చూడడం, ఊరికే వినడం నేర్పుతారు. జబ్బు మనిషి ఉన్న ఇల్లు ఏదైనా సరే, క్యారియర్, పిల్లల్ని బడికి దింపడం, రాత్రి కాపలా, రక్తదానం అని నాలుగు పట్టికలు నోటీసు బోర్డు మీద ఉంటాయి. రక్తదానం పట్టికలో చివరిసారి ఎప్పుడు ఇచ్చారో కూడా రాయండి, మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు ఎడం ఉండాలి. రాత్రి కాపలా పట్టికలో మొదటి పేరు వాళ్ల నాన్నది. మిగతా గీతలు ఖాళీగా ఉన్నాయి. పెన్ను అక్కడే దారానికి కట్టి ఉంది.

ఇట్లు,
సంఘ కార్యదర్శి