2024–25 వార్షిక నివేదిక: నెలసరి ఆరోగ్యంపై మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏటి నివేదికను మన విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరదతో మొదలుపెట్టక తప్పదు. 2024 సెప్టెంబర్ 1 నుంచి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. పడవల్లో, ట్రాక్టర్లపై పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వచ్చాయి. తెచ్చిన ప్రతి ఒక్కరికీ దండం. కానీ మేడ మీద చిక్కుకున్న ఆడపిల్లకు ఆ రోజుల్లోనే నెలసరి వస్తే తడి బట్టే దిక్కయింది. పడవ ఇంటి ముందుకొచ్చినా, అందులో ఉన్న కుర్రాళ్లను ప్యాడ్లు అడగలేక నోరు నొక్కుకున్నవాళ్లున్నారు. ఈ సిగ్గు పోగొట్టడమే ఈ ఏడాది మన ముఖ్యమైన పనిగా కార్యవర్గం నిర్ణయించింది.

ముందు తల్లులతో కూర్చున్నాం. మన వైపు పిల్ల పెద్దమనిషి అయితే ఫ్లెక్సీ కట్టి, చిమ్మిలి పంచి, ఊరంతా పిలిచి వేడుక చేస్తాం. ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తుందో ఆ పిల్లకు చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. మొదటిసారి చూసుకుని ఏదో జబ్బు చేసిందని ఏడ్చామని తల్లులే చెప్పుకొచ్చారు. గర్భం రానప్పుడు గర్భాశయం లోపలి పొర ఊడి బయటికొస్తుందన్న ఈ చిన్న సంగతి పదేళ్లు దాటిన ప్రతి పిల్లకూ ముందే తెలియాలి. గుడికి వెళ్లాలా వద్దా అన్నది ఎవరింటి నమ్మకం వారిది, ఆ జోలికి పోలేదు. స్నానం వద్దనడం, పరీక్షల రోజుల్లో పిల్లను వరండాలో చాప మీద పడుకోబెట్టడం గురించి మాత్రం గట్టిగానే మాట్లాడాం.

ప్యాడ్ నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలనీ, బట్ట వాడేవారు సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలనీ చెప్పాం. మంచం కింద, మరో చీర చాటున ఆరేస్తే తేమ పోదు. జనౌషధి దుకాణాల్లో సువిధ ప్యాడ్ ఒక్కోటి రూపాయికే దొరుకుతుందని చాలామందికి ఇప్పుడే తెలిసింది.

ఎక్కువ ప్రశ్నలు వచ్చింది రక్తహీనత గురించి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా ఓర్చుకోకుండా డాక్టరుకు చూపించాలి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రను టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

తండ్రులను, యువజన విభాగం అబ్బాయిలను కూడా పిలిచాం. వచ్చినవారు మొదట తలదించుకున్నా, వరద మాట ఎత్తగానే అడగడం మొదలుపెట్టారు. ఈ ఏడాది మాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఆ సాయంత్రమే.

వాడిన ప్యాడ్లను కాగితంలో గట్టిగా చుట్టి ఇవ్వాలి. విప్పి ఉన్నవాటిని పారిశుద్ధ్య కార్మికులు చేత్తో ఏరాల్సి వస్తోంది, ఇది మన వీధుల్లో వెంటనే ఆగాలి. పొట్లం మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి.

ఆదాయ వ్యయాల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే వానాకాలం లోపు సంఘం గదిలో ప్యాడ్లు, లోదుస్తులు, సబ్బు, నల్ల కవర్లతో వరద కిట్లు సిద్ధంగా ఉంచాలనీ, వాటిని పంచే ప్రతి బృందంలో ఒక మహిళ ఉండాలనీ కార్యవర్గం తీర్మానం పెడుతోంది. సర్వసభ్య సమావేశంలో చర్చించి ఆమోదించగలరు.

కార్యదర్శి