మా దార్జీది ఏ ఊరంటే

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన నెల మా తాత చనిపోతే మీ పేపర్ల జిల్లా పేజీల మూడు లైన్ల వార్త, చిన్న ఫోటో వేసిన్రు, మా ఇంటోళ్లందరి తరఫున థ్యాంక్స్ అండి. కానీ అందుల "పంజాబ్‌కు చెందిన వృద్ధ మెకానిక్" అని ఉంది, ఆ ఒక్క మాట నాకు మింగుడు పడలే, అందుకే ఈ లెటర్. రాసినాయన్ని తప్పు పట్టట్లేదు, పాగా చూస్తే ఎవరైనా అట్లనే అనుకుంటరు.

మేం ఆయన్ని దార్జీ అంటం, వాడకట్టంతా సర్దార్ తాత అంటరు. పుట్టింది లాయల్‌పూర్ దగ్గర ఒక పల్లెల, ఇప్పుడది పాకిస్తాన్ల ఉంది, పేరు కూడా ఫైసలాబాద్ అయింది. చీనాబ్ నది కాలువ 1892ల వచ్చినంక బీళ్లన్నీ గోధుమ పొలాలైన ఏరియా అది, వీళ్ల తాతలు ఆ కాలువ కింద భూమి దొరికితే పోయి ఊరు కట్టుకున్నోళ్లు. 1947ల దార్జీకి పదిహేనేండ్లు, ఎడ్లబండి పక్కపొంటి నడుచుకుంట రావి నది మీది ఆనకట్ట, బల్లోకి హెడ్‌వర్క్స్ దాటి ఇటు వచ్చిండు, ఆ నడక గురించి ఎంత అడిగినా ఎక్కువ చెప్పకపోతుండె, "ఆ యేడు వానలకు బండి మీద గోధుమ మూట తడిసి మొలకలొచ్చినయ్ బిడ్డా" అని ఒక్కటే చెప్పి ఊకుంటుండె.

తర్వాత క్యాంపు, ఆ తర్వాత భాక్రా డ్యాం దగ్గర పని, బండ్ల రిపేరు అక్కడే నేర్చుకున్నడు. దక్షిణంల ఇంకో పెద్ద డ్యాం కడుతున్నరంటే దోస్తుల ఎంబడి రైలెక్కి 1958ల నాగార్జునసాగర్ వచ్చిండు.

సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండని, 26 గేట్లని, నిండితే నీటిమట్టం 590 అడుగులని మన పిల్లలకు నోటికొస్తది. ఆ రాళ్లు ఎవరు మోసిన్రో మాత్రం ఎవరూ చెప్పరు. అది రాతికట్టు డ్యాం కదా, పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల ఎంబడి వచ్చినోళ్లు మస్తు మంది పని చేసిన్రు, అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన మా నాయినమ్మ ఆ గుంపుల ఒకామె. దార్జీ తెలుగు నేర్చుకున్నది వాళ్ల దగ్గరనే, అందుకే చివరి దాకా ఆయనది పాలమూరు యాసనే, నల్లగొండోళ్లు "నీది పంజాబా పాలమూరా" అని అడిగితే "రెండూ" అంటుండె. ఇద్దరూ లగ్గం చేసుకుంటే అటోళ్లూ రాలే ఇటోళ్లూ రాలే, హిల్ కాలనీ గుడిసెలోళ్లే నిలబడి చేసిన్రంట.

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజు మా నాన్నని భుజం మీద కూసోబెట్టుకుని ఆ జనంల నిలబడ్డడు. డ్యాం పని అయిపోయింది, మస్టర్ రోల్ మీద రోజు కూలీ కాబట్టి పెన్షన్ లేదు, సర్వీస్ కాయితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏండ్లకేండ్లు తిరిగిండు, దొరకలే. కానీ ఎడమ కాలువకు నీళ్లొస్తే మిర్యాలగూడ దిక్కు వరి పెరిగింది, వరితోని రైస్ మిల్లులు, మిల్లులతోని లారీలు, లారీలతోని మెకానిక్కులకు పని. అట్ల సాగర్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసిండు, నలభై ఏండ్లు నడిపిండు. నేను బడి నుంచి వచ్చి అక్కడ్నే కూసుంటుంటి. లారీ రాంగనే బానెట్ ఎత్తి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద పెట్టి పిడి చెవికి ఆనించుకుని కండ్లు మూసుకుంటుండె, డ్రైవర్, క్లీనర్ అందరూ గప్‌చుప్, కొంచెంసేపటికి కండ్లు తెరిచి "వాల్వు" అంటే అది వాల్వే. పైసలు తక్కువున్న డ్రైవర్‌ని ఎన్నడూ ఆపలే, మళ్లొచ్చినప్పుడు ఇయ్యి అంటుండె, మళ్లీ రానోళ్లు కూడా ఉన్నరు.

నాకు బాగా యాదికొచ్చేది మాత్రం పొద్దున పాగా. నాయినమ్మ మన బియ్యం గంజి పెట్టి ఆరేసేది, అయిదు మీటర్ల బట్ట, ఒక కొస దార్జీ పట్టుకుంటే ఇంకో కొస నేను, వాకిట్ల ఆ మూల నుంచి ఈ మూలకు గట్టిగ గుంజి మడత పెట్టాలె, నేను కొంచెం వదులు చేసినా మళ్లీ మొదటి నుంచి. గంజి వాసన ఇప్పటికీ నా చేతులకు ఉన్నట్టే అనిపిస్తది.

1984ల ఇందిరా గాంధీ చనిపోయినప్పుడు దార్జీ రేడియో ముందు కూసుని ఏడ్చిండు, మా కాలువకు నీళ్లిచ్చిన ఆమె అని. ఢిల్లీల సర్దార్లను ఏం చేస్తున్నరో మెల్లమెల్లగ తెలిసింది. ఆ నాలుగు రాత్రులు వాడకట్టోళ్లు, ముస్లింలు గౌండ్లోళ్లు మిల్లు హమాలీలు అందరూ, మా అరుగు మీద చాపలేసుకుని పడుకున్నరు, ఎవరూ పిలవలే, వాళ్లే వచ్చిన్రు. ఆ తర్వాత పంజాబ్ల ఉన్న చుట్టాలు ఇక్కడికి వచ్చెయ్ అని ఎన్ని ఉత్తరాలు రాసినా పోలే. నాందేడ్ గురుద్వారాకు ఏడాదికోసారి పోతుండె, అంతే, మూడో రోజు మళ్లీ షెడ్డుల ఉంటుండె.

అస్థికలు పంజాబ్ తీసుకపోతరా అని మస్తు మంది అడిగిన్రు. ఆయన ముందే చెప్పిండు ఎడమ కాలువల కలపమని, అట్లనే చేసినం.

ఎడిటర్ గారూ, సాగర్ గేట్లు ఎత్తినప్పుడల్లా మీరు పెద్ద పెద్ద ఫోటోలు వేస్తరు కదా, ఈసారి ఆ డ్యాం పని చేసినోళ్లు ఎవరన్నా బతికుంటే వాళ్లని కూడా అడిగి రాయండి, చాలా కొద్దిమందే మిగిలిన్రు, పెద్దవూర హాలియా దిక్కు వెతికితే దొరుకుతరు. ఇంకొకటి, వీలైతే ఆ వార్త సరిచేసి మళ్లీ ఒక్క లైన్ వేయండి, "మిర్యాలగూడ వాసి" అని.

ఇట్లు
ఆయన మనవరాలు
మిర్యాలగూడ