దాయాది అంటే

చిన్నీ,

ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ ఉందంటే చాలు పేపర్లన్నీ ‘దాయాదుల పోరు’ అని ఎందుకు రాస్తాయని అడిగావు. ఫోన్‌లో తేలే మాట కాదది.

దాయం అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి. అందులో వాటా అందుకునేవాడు సంస్కృతంలో దాయాదుడు, మనకు దాయాది. మనవైపు పాలోళ్ళు అంటాం చూడు, అదీ అంతే. పాలు అంటే వాటా. ఈ మాటల్లో మొదట పగ లేదు. గట్ల దగ్గర, పంపకాల దగ్గర పుట్టి తర్వాత అంటుకుంది. పాత తెలుగులో ‘దాయ’ అంటే ఏకంగా శత్రువు కూడా. వేదకాలపు ‘భ్రాతృవ్య’ శబ్దానికీ ఇదే గతి పట్టింది. అన్నదమ్ముల బిడ్డ అని చెప్పే మాటే శత్రువునీ చెప్పింది, సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఆ అర్థానికి విడిగా సూత్రం రాయాల్సి వచ్చింది. కౌరవ పాండవులు, పల్నాటి నలగామరాజు, మలిదేవుడు అందరూ దాయాదులే. 1947లో ఒక్క ఇల్లు రెండైంది కాబట్టే పేపర్లవాళ్ళకు ఆ మాట తోస్తుంది.

కానీ నాకు ఇంకో సంగతి పెద్దదిగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి మాటల్లేకపోయినా ఒక ఇంట్లో చావు జరిగితే పాలోళ్ళందరికీ మైల. కోర్టులో కేసు నడుపుతున్నవాడు కూడా పట్టాల్సిందే.

ఆడపిల్లలు మాత్రం ఈ లెక్కలో లేరు. పురుషుడే దాయాది, స్త్రీ కాదు అన్న మాట వేదపదాలకు అర్థాలు విప్పిన యాస్కుడి నిరుక్తం నాటికే ఉంది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ ఇచ్చారు. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే నువ్వూ అన్నయ్యా ఇప్పుడు దాయాదులే తల్లీ.

అన్నయ్యతో ఎక్కడ చెడుతుందోనని తాతల నాటి పొలంలో నీ వాటా వదిలేస్తానన్నావట, అమ్మ చెప్పింది. ఆ పని చెయ్యకు. నీ పాలు నువ్వు తీసుకుంటే వాడికి శత్రువువి కావు. వాడితో మాట్లాడాను, చెల్లి వాటా చెల్లికే రాయమన్నాడు. సర్వేయర్‌ని పిలిచి హద్దులు వేయిస్తున్నాం. బావివైపు ముక్క నీకు, రోడ్డువైపుది వాడికి అనుకున్నాం. నీకు వేరే ఆలోచన ఉంటే రాళ్ళు పాతేలోపే చెప్పు. దసరాకు వచ్చేటప్పుడు ఆధార్, పాన్ కార్డులు తెచ్చుకో.

నాన్న