పరిమళం పోలికలో మరిచిన సంగతులు

సంపాదకుడికి,

ఖరీదైన చందనపు సెంటుకూ దాని పోలికతో వచ్చిన చౌక సెంటుకూ తేడా ఏమీ లేదని తేల్చిన మీ గత ఆదివారం కథనం చదివి, నాలుగు రోజులు ఊరుకుందామనుకుని ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

మీరు రాసిన ఆ ఖరీదైన సెంటు, లె లాబో అనే సెంట్ల సంస్థ 2011లో విడుదల చేసిన సాంటల్ 33, దాని ధర 100 మిల్లీలీటర్లకు 300 డాలర్లు దాటుతుంది. దాని నకలును నేను బీసెంట్ రోడ్డులో 600 రూపాయలకు కొని, మా అబ్బాయి తెచ్చిన అసలుదాన్ని ఒక మణికట్టుకూ దీన్ని రెండో మణికట్టుకూ రాసుకుని చూశాను. మొదటి అరగంట యాలకుల ఘాటు, సెడార్ చెక్క వాసన రెండింటిలోనూ ఒక్కలాగే ఉన్నాయని ఒప్పుకుంటాను. ఆ తర్వాత నకలులో రంపపు పొట్టు వాసన మాత్రమే మిగిలింది. అసలుదానిలోని తోలు వాసన, చందనపు చల్లదనం మర్నాటికీ చొక్కా చేతిని వదల్లేదు.

అయినా నకలును నేను తప్పుపట్టను. సొంత పేరు, చిరునామా వేసి అమ్మితే, అంత డబ్బు పెట్టలేనివారికి అది మేలే. నేను కొన్న సీసా మీద తయారీదారు చిరునామా గానీ, తయారైన నెల గానీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు గానీ లేవు. ప్యాక్ చేసిన సరుకుపై ఇవన్నీ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఆ సీసాతో ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళితే రసీదు లేనిదే ఫిర్యాదు తీసుకోలేమన్నారు. దుకాణంవారు రసీదు ఇవ్వలేదనేది కూడా నా ఫిర్యాదేనంటే మరో కార్యాలయానికి వెళ్లమన్నారు. రెండు పూటలు తిరిగాను. చట్టం రాసి ఉన్నా, అడిగిన మనిషికి జవాబు చెప్పే నాథుడు లేడు.

అన్నిటికంటే నన్ను బాధించింది మరొకటి. ఆ నకలు సెంటులో శేషాచలం ఎర్రచందనం తైలం ఉందని దుకాణదారు చెప్పాడు; మీ కథనం కూడా చందనాన్నీ ఎర్రచందనాన్నీ ఒకటిగానే రాసింది. ఎర్రచందనానికి గిరాకీ దాని రంగు వల్ల, చేవ వల్ల, అంతేకానీ సువాసన వల్ల కాదు. సానరాయి మీద అరగదీసి పెళ్లిలో పూసే గంధం శ్రీగంధం, అంటే అసలు చందనం, చెట్టుది. శాంటలాల్ అనే పదార్థం ఉన్నందునే దానికి ఆ పరిమళం. శేషాచలం ఉన్న రాష్ట్రంలో తెలుగు పత్రికే ఇలా పొరబడితే కొనేవారికి ఎవరు చెబుతారు?

దయచేసి ఈ ఆదివారం సవరణ వేయండి. దానితోపాటు సీసా మీద ఏమేం ముద్రించి ఉండాలో కూడా ప్రచురించండి.

ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ