ఇడాలో విన్న డప్పు

చిన్నీకి,

ఎలా ఉన్నావు నాన్నా? ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారికి బీపీ మాత్ర మార్చారు, పండు పెళ్ళిచూపులు మళ్ళీ వాయిదా పడ్డాయి. నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది. పాల లెక్క రాస్తుంటే కేలండర్‌లో కనబడింది, అంతే. రాజమండ్రి అత్తయ్య నీ ఉద్యోగం గురించి ఏదో అంది. నేను నమ్మలేదు. దాని గురించి రాయడానికి కూర్చోలేదులే.

అటక సర్దుతుంటే ఇడా ఫోటోలు దొరికాయి. నాన్నగారు నైజీరియాలో లెక్కల మాస్టారుగా చేసిన రోజులవి, నువ్వింకా పుట్టలేదు. ఇడా ఇప్పుడు కోగి రాష్ట్రంలో ఉంది, అప్పట్లో బెన్యూ రాష్ట్రంలో ఉండేది. నైజర్ నది ఒడ్డున ఊరు, ఇగాలా జాతి వాళ్ళ రాజధాని. వాళ్ళ రాజుని అత్తా అంటారు. మొదటిసారి విని నేను మా అత్తగారిని తలుచుకుని నవ్వాను కానీ, అత్తా గారంటే అక్కడ ఎంత గౌరవమో తర్వాత చూశాను.

వాళ్ళ ఇగాలా భాషలో మాట ఎంత ముఖ్యమో దాని స్వరమూ అంతే ముఖ్యం. పై స్వరం, మధ్య స్వరం, కింది స్వరం, మూడున్నాయి. 'అవొ' అనే ఒక్క మాటే పలికే తీరు మారితే గినీ కోడి అవుతుంది, దువ్వెన అవుతుంది, చెంపదెబ్బ అవుతుంది, ఆకాశంలో చుక్క కూడా అవుతుంది. అందుకే అక్కడ డప్పు మాట్లాడగలదు. అక్షరాలు పలకలేకపోయినా స్వరాలు పలుకుతుంది. ఒక్క మాట కొడితే కోడో చుక్కో తెలియదు కాబట్టి దాని ముందూ వెనకా ఇంకో నాలుగు మాటలు కలిపి పొడుగ్గా కొడతారు. మన ఊళ్ళో దండోరా వేరు. డప్పు కొట్టి జనాన్ని ఆపి, కబురు నోటితో చెప్పేవాళ్ళు. చావు డప్పుకీ జాతర డప్పుకీ దరువులో తేడా తెలిసేది, అంతవరకే.

ఒక జనవరి సాయంత్రం. హర్మటాన్ అని ఎడారి వైపు నుంచి వచ్చే పొడి గాలి, కిటికీలన్నీ ఎర్ర దుమ్ము. అక్కకి జ్వరం. పక్కింటి మామా (పెద్దావిడల్ని అక్కడ అలాగే పిలుస్తారు) వాకిట్లో ఉడికిన పెండలం రోట్లో దంచుతోంది. నది వైపు నుంచి డప్పు వినబడింది. రోకలి పైకెత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఒకసారి మోగి ఆగింది, మళ్ళీ అదే మోగింది. ఆవిడ రోకలి గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, తలగుడ్డ బిగించుకుంది. ఏమైందని అడిగితే, పెద్దాయన ఒకరు వెళ్ళిపోయారని చెప్పింది. పేరు కాదుట, ఆయన్ని పొగిడే మాటలు డప్పు మీద చెప్పారుట, దాంతోనే ఎవరో తెలిసిపోయింది. దంచిన పిండి అలాగే వదిలేసి వెళ్ళింది. చీకటి పడేలోపు చుట్టుపక్కల వాళ్ళంతా ఆ ఇంటికి చేరారు.

ఆ నెలలోనే మీ తాతయ్య పోయారు. ఆ కబురు నాకు అందేసరికి పదహారు రోజులైంది, ఉత్తరం తడిసి అంచులు అతుక్కుపోయి వచ్చింది. అప్పటికి ఇంట్లో పెద్దకర్మ కూడా అయిపోయింది. నేను ఆ పదహారు రోజులూ పులిహోర చేసుకున్నాను, అక్కకి పాటలు పాడాను. మామా వచ్చి ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది. ఇది మీకెవరికీ సరిగ్గా చెప్పలేదు.

అందుకని చెబుతున్నా, చెడ్డ కబురైనా వెంటనే చెప్పాలి నాన్నా. ఉద్యోగం ఉంటుంది, పోతుంది, నాన్నగారికి రెండుసార్లు పోయింది. దాచుకుంటే ఒంటికి మంచిది కాదు, నిద్ర పట్టదు, రాత్రిళ్ళు బయట తిండి తింటావు, నీకు అది పడదు, గ్యాస్ వస్తుంది. డబ్బు కావాలంటే మొహమాటపడకు. ఇదుగో, లెక్చర్ అయిపోయింది, మళ్ళీ ఎత్తను.

వాట్సాప్‌లో 'ఊ' అని పెడతావు. ఎదురుగా ఉండి 'ఊ' అంటే నాకు ఆకలో, కోపమో, ఏడుపు ఆపుకుంటున్నావో తెలిసిపోతుంది. రాసిన 'ఊ'లో ఏముందని చూడను?

ఆదివారం మన రాత్రి తొమ్మిదికి ఫోన్ పక్కనే ఉంటాను. ఏం చెప్పాలో తెలియకపోతే 'అమ్మా' అను చాలు, మిగతాది నేను అడగను. మందపాటి స్వెటర్ నీలం పెట్టెలో అడుగున ఉంది, షికాగో చలి మొదలయ్యాక వెతుక్కోకు, ఇప్పుడే బయటికి తియ్యి. అత్తయ్యకి నేనేమీ చెప్పలేదు.

అమ్మ